తెలీదు గడి: కొల్లేటి బాతులు, కాకినాడ గల్స్, ఒక చలికాలపు డైరీ

అక్టోబరు రెండో వారం, ఆటపాక గట్టు

ఈ చలికాలం పని రెండు చోట్ల. బాతుల లెక్క కొల్లేటిలో, ఆటపాక వైపు గట్టు మీంచి. గల్స్, అంటే తీరాన తిరిగే తెల్లటి సముద్రపు పక్షుల లెక్క, కాకినాడ దగ్గర కుంభాభిషేకం బురదమేట మీద. నెలకి రెండేసి సార్లు, అదే చోట నిలబడి, అదే స్కోపుతో (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి), మార్చి దాకా. ఒక్క పొద్దున ఎన్ని జాతులు చూశామో చెప్పుకోవడానికి కాదు. ఒకే నీళ్లని పదేపదే చూస్తే ఏ పక్షి ఎప్పుడు గుర్తుపట్టేలా ఉంటుందో, ఎప్పుడు ఉండదో తేల్చుకోవడానికి.

ఫారంలో జాతుల పేర్లన్నీ అయ్యాక ఆఖర్న ఓ గడి పెట్టాం: ‘తెలీదు’. దాంట్లో మూడు వరసలు: బాతు తెలీదు, గల్ తెలీదు, టెర్న్ (గల్‌ని పోలిన ఇంకో నీటిపక్షి) తెలీదు. ఈ గడి ఖాళీగా ఉన్న ఫారం చేతికొస్తే ముందు అనుమానించాల్సింది ఆ ఫారాన్నే. అక్టోబరులో అయితే మరీను.

ఎందుకంటే ఇప్పుడు దిగుతున్న బాతుల్లో మగా ఆడా అన్నీ గోధుమరంగే. ఉత్తరాన పిల్లల కాలం అయ్యాక బాతులు రెక్కల్లోని పెద్ద ఈకలన్నిటినీ ఒక్కసారే రాల్చేసుకుంటాయి, కొన్ని వారాలు ఎగరలేవు. ఆ రోజుల్లో కంటపడకుండా మగవి కూడా ఆడదాని రంగు వేసుకుంటాయి. రెక్కలు వచ్చాక బయల్దేరి ఇక్కడికి చేరేసరికి ఒంటి మీద ఇంకా ఆ పాత వేషమే. పుస్తకంలో మొదటి పేజీ బొమ్మ, ఆకుపచ్చ తల, తెల్ల రొమ్ము, ఇప్పుడు ఎందుకూ కొరగాదు. ఆడబాతు బొమ్మ పక్కన పెట్టుకుని కూర్చోవాలి.

చోటు ఏర్పాటు ఇలా. ట్రైపాడ్ మూడు కాళ్లు పెట్టే చోట గట్టు మీద సున్నంతో మూడు చుక్కలు. ఎదురుగా ఉన్న నీళ్లని ఆరు ముక్కలు చేశాం. హద్దులకి ఎడమ నుంచి కుడికి జంట తాడిచెట్లు, కరెంటు స్తంభం, గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెట్టే ఇనప స్టాండ్ల వరస, సెల్ టవర్, కిక్కిస పొద చివర. కిక్కిస హద్దుగా పనికిరాదని తర్వాత తెలిసింది, డిసెంబరుకల్లా కోసేస్తారు. కదలనిదాన్నే హద్దుగా పెట్టుకోవాలి. గుర్రపుడెక్క కూడా అంతే, గాలివాటానికి ఓ పక్క నుంచి ఇంకో పక్కకి పోతుంది.

పొద్దున గట్టుకి తూర్పు కొస నుంచి పడమటికి చూడాలి, సూర్యుడు వీపు మీద ఉండాలి. ఎదురెండలో బాతులన్నీ నల్ల ముద్దలే. గంట ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు గానీ తప్పు వైపు నిలబడితే ఆ పూట వృథా.

కొలబద్దగా బొల్లికోడి, అదే కూట్. ముక్కు పైన తెల్ల నామం ఉంటుంది కాబట్టి ఎంత దూరంలో ఉన్నా అనుమానం ఉండదు. పొడవు 36 నుంచి 38 సెంటీమీటర్లు. దానికంటే కాస్త చిన్నగా కనిపించే బాతు టీల్, ఇంచుమించు అంతే ఉంటే గార్గనీ, స్పష్టంగా పెద్దదైతే సూదితోక, గాడ్వాల్, షోవెలర్ కుటుంబం. ఒంటరిగా నీళ్ల మధ్య ఉన్న బాతు సైజు చెప్పే ప్రయత్నం చేయొద్దు, కన్ను మోసం చేస్తుంది.

లంక గ్రామాల్లో ఈ చిన్న బాతులన్నిటినీ కలిపి పరజలంటారు. మాట పాతది, వాడుకలో ఉంది, కానీ ఫారంలో పరజ అని రాస్తే అది ‘తెలీదు’ గడిలోకే పోతుంది.

నవంబరు మొదటి వారం, నీటి మట్టం గొడవ

బాతులు ఎక్కడ దిగుతాయో నీటి లోతే చెబుతుంది. సూదితోక, గాడ్వాల్ లాంటివి మునగవు, తల కిందకి పెట్టి తోక పైకెత్తి మెడ అందినంత మేర తింటాయి. అడుగున్నర దాటితే వాటికి అందదు. టీల్‌కి జానెడు నీళ్లు చాలు. పోచార్డ్ మునిగి తింటుంది కనక లోతు కావాలి. అందుకే ప్రతి లెక్కతో పాటు మట్టం కూడా రాయాలనుకున్నాం.

అంగుళం పీవీసీ పైపు, 2 మీటర్ల ముక్క, 10 సెంటీమీటర్లకో ఎర్ర టేపు చుట్టు. అటవీ శాఖ వాళ్ల అనుమతితో గట్టుకి 4 మీటర్ల దూరంలో పాతాం. రెండు వారాలకి చూస్తే మట్టం 6 సెంటీమీటర్లు పెరిగింది. వాన లేదు, ఎగువ నుంచి నీళ్లూ రాలేదు, గట్టు మీద తడి గీత కిందికి దిగింది. పెరిగింది నీళ్లు కాదు, దిగబడింది పైపు. కొల్లేటి ఒండ్రు మెత్తన, సన్నటి పైపు తన బరువుకే దిగిపోతుంది. దానికి తోడు గేదెలు దానికే ఒళ్లు రుద్దుకుంటున్నాయి.

పైపు అడుగున 30 సెంటీమీటర్ల చెక్క అడ్డంగా కట్టి మళ్లీ పాతితే దిగడం తగ్గింది గానీ ఆగలేదు. చివరికి పైపు వదిలేసి తూము గోడ మీదే ఎనామిల్ పెయింటుతో 5 సెంటీమీటర్లకో గీత గీశాం. గోడ ఎక్కడికీ పోదు. మొదటి రోజే చేయాల్సిన పని. పైపు రీడింగులన్నీ కొట్టేశాం, సవరించి వాడుకునే పని పెట్టుకోలేదు.

పక్కనున్న చేపల చెరువులు కూడా లెక్కలో పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. కొల్లేరు అభయారణ్యం హద్దు ఐదో కంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ లోపలి చెరువుల గట్లు కొట్టేశారు, బయటి చెరువులు మామూలే. నిండా నీళ్లున్న చేపల చెరువు బాతుకి పెద్దగా పనికిరాదు: గట్టు నిటారు, లోతు ఎక్కువ, మెత్తటి అంచు లేదు, పైగా టపాకాయలు కొట్టి తోలతారు. కానీ పట్టుబడికి నీళ్లు తీసేసిన చెరువు వేరే సంగతి. రెండు మూడు రోజులు ఆ బురదంతా ఉల్లంకులు, విస్కర్డ్ టెర్న్‌లు, బ్రౌన్‌హెడెడ్ గల్స్. అలాంటి చెరువుని విడి ఫారంలో రాస్తున్నాం. గుంపుని ముఖ్య లెక్కలో కలిపితే సరస్సులో పక్షులు హఠాత్తుగా పెరిగినట్టు కనపడుతుంది.

కొల్లేటి మీద ‘గల్’ అని వచ్చే కబుర్లలో సగం ఈ విస్కర్డ్ టెర్నే. ఎగురుతూ ఎగురుతూ నీటి మీదకి వంగి ముక్కుతో అందుకుని పైకి లేస్తుంది, మునగదు, నీటి మీద తేలి కూర్చోవడం అరుదు. గల్ తీరిగ్గా నీళ్ల మీద కూర్చుంటుంది. కూర్చుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో చాలా వరకు తేలిపోతుంది.

నవంబరు మూడో వారం, గోధుమరంగు చిన్న బాతులు

ఈ పూటంతా ఒక్క చిక్కు మీదే: గార్గనీయా, టీలా.

నీళ్ల మీద ఉన్నప్పుడు ముఖం చూడాలి. గార్గనీకి ముఖం మీద గీతలు ఎక్కువ: కంటి మీదుగా ముదురు గీత, దాని పైన లేత కనుబొమ్మ, చెంప మీద ఇంకో ముదురు గీత, ముక్కు మొదట్లో లేత మచ్చ. ముక్కు పొడవు, మొత్తం బూడిదరంగు. టీల్ ముఖం దాదాపు సాదా, ముక్కు చిన్నది, దాని మొదట్లో తరచుగా కాస్త నారింజ ఛాయ. తోక పక్కన సన్నటి తెల్లటి గీత ఉంటే టీల్, ఆ గీత దూరం నుంచి కూడా బాగానే కనపడుతుంది.

ఇదంతా 80 మీటర్ల లోపు మాట. అంతకు మించితే, పైగా బాతు తల వీపు ఈకల్లో దోపుకుని నిద్రపోతుంటే (పొద్దున తొమ్మిది తర్వాత సగం అలాగే ఉంటాయి), రెక్క విప్పేదాకా ఆగాల్సిందే. ఎగిరినప్పుడు టీల్ రెక్క వెనక అంచున ఆకుపచ్చ అద్దం (మెరిసే ఈకల ముక్క), దాని ముందు వెడల్పుగా తెల్ల పట్టీ. గార్గనీ రెక్క ముందు భాగం లేత బూడిద, మగదానికి అది నీలం కలిసిన వెండిరంగు, అద్దానికి ముందూ వెనకా రెండు తెల్ల గీతలు. మగ గార్గనీ ఒంటి రంగు జనవరి దాటేదాకా రాదు, బాతుల్లో అన్నిటికంటే ఆలస్యం దానికే. కానీ రెక్క రంగు అక్టోబరు నుంచీ మగరంగే. కాబట్టి గోధుమరంగు ఒంటికి వెండి రెక్క కనిపిస్తే మగ గార్గనీ, సందేహం అక్కర్లేదు.

రెక్క ఎప్పుడు విప్పుతుంది? తోలి లేపడం తప్పు, లెక్కకీ తప్పు, పక్షికీ తప్పు. దానికి మార్ష్ హారియర్ ఉంది. ఈ గద్ద కిక్కిస మీద తక్కువ ఎత్తున తిరుగుతూ గంటకి ఒకటి రెండుసార్లు గుంపు మొత్తాన్ని లేపుతుంది. కాబట్టి ఒకరు స్కోపు దగ్గర, ఒకరు కెమెరాతో గద్ద మీదే కన్నేసి. లేచిన క్షణాన వరసగా 10, 15 ఫొటోలు, షట్టర్ 1/2000. తర్వాత ఇంట్లో ఫొటో పెద్దది చేసి ఫోను మీద వేలితో చుక్కలు పెట్టడమే: టీల్‌కి ఆకుపచ్చ, గార్గనీకి నీలం, సూదితోకకి పసుపు, తెలీనివాటికి ఎరుపు. ఒకే ఫొటో తీసుకోవాలి. రెండు ఫొటోల్లో అవే పక్షులు మళ్లీ పడతాయి.

మిగతా బాతులకి ఇంత తిప్పలు లేవు. సూదితోక ఆడది కూడా సన్న మెడ, బూడిద ముక్కు, మొనదేలిన తోకతో తెలిసిపోతుంది. షోవెలర్‌కి గరిటె ముక్కు, గుంపుగా గుండ్రంగా తిరుగుతూ నీళ్లు వడగడుతుంది. గాడ్వాల్ కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి రెక్క వెనక చిన్న తెల్ల చదరం కనపడుతుంది, విజియన్ గట్టు మీద గడ్డి మేస్తుంది. మనదైన స్పాట్‌బిల్డ్ బాతుకి నల్ల ముక్కు చివర పసుపు. ఎర్ర చిలువ ఎగిరితే కాళ్లు తోక దాటి వేలాడతాయి, ఈల వేస్తూ పోతుంది. దాన్ని ఫొటో లేకుండానే రాసుకోవచ్చు.

మునిగే బాతుల్లో ఒక ఉచ్చు ఉంది: తోక కింద తెలుపు చూడగానే ఫెరుజినస్ బాతు అనుకోవడం. టఫ్టెడ్ ఆడబాతుల్లో కొన్నిటికి కూడా అక్కడ తెలుపే. కన్ను చూడాలి. టఫ్టెడ్‌కి పసుపు కన్ను, ఫెరుజినస్ ఆడదానికి గోధుమ కన్ను, మగదానికి తెల్ల కన్ను. తల ఆకారం కూడా: ఫెరుజినస్ తల నడినెత్తిన కోసుగా లేస్తుంది. కన్నూ తలా రెండూ కనపడకపోతే ఎర్ర చుక్కే.

మునిగేవాటిని ఒక్కసారి లెక్కిస్తే తక్కువే వస్తుంది, ఎప్పుడూ కొన్ని నీళ్ల కింద ఉంటాయి. ఒకే ముక్కని ఐదు నిమిషాల తేడాతో మూడుసార్లు లెక్కించి అన్నిటికంటే పెద్ద అంకె రాస్తున్నాం. సగటు కాదు.

డిసెంబరు మొదటి వారం, కాకినాడ, పోటు వేళ

గల్స్ దగ్గరికి కళ్లు వెళ్లే ముందు పంచాంగం దగ్గరికి వెళ్లాలి. పాటు వేళ బురద కిలోమీటర్ల మేర తేలుతుంది, గల్స్ దాని చివరంచున చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కేకొద్దీ ఒడ్డుకి తరుముకొస్తాయి, ఆఖరికి మిగిలిన ఇసుక దిబ్బ మీద భుజం భుజం రాసుకుంటూ నిలబడతాయి. నిండు పోటుకి రెండు గంటల ముందు చేరి, తర్వాత గంట దాకా ఉంటే చాలు. అమావాస్య, పౌర్ణమి దగ్గరి పోటు పెద్దది, పక్షులు బాగా దగ్గరికొస్తాయి. అష్టమి దగ్గరిది చిన్నది, దిబ్బలు మునగవు, పక్షులు దూరంగానే ఉండిపోతాయి. నిండు పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ సంగతి మరిచిపోయి పోయిన వారం వేళకే వస్తే బురద తప్ప ఇంకేమీ ఉండదు.

ఇక్కడ చిన్న గల్స్ రెండు: బ్రౌన్‌హెడెడ్, బ్లాక్‌హెడెడ్. చలికాలంలో రెండిటికీ గోధుమ తల ఉండదు. తెల్ల తల, కన్ను వెనక నల్ల మచ్చ, ఎర్రటి కాళ్లు, నల్లకొన ఎర్ర ముక్కు, అంతా ఒకలాగే. పేర్లలో ఉన్న తేడా పక్షిలో లేని కాలం ఇది. బ్లాక్‌హెడెడ్ తల వేసవిలో కూడా నల్లగా ఉండదు, ముదురు చాక్లెట్ రంగు. పేరు పెట్టినవాళ్లు మనకేమీ సాయం చేయలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పే మొదటి గుర్తు కన్ను. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్ కంటి పాప చుట్టూ లేత రంగు, దాంతో చూపు కాస్త కోపంగా ఉంటుంది. బ్లాక్‌హెడెడ్ కన్ను ముదురు. గుర్తు మంచిదే, కానీ ఒకవైపే పనిచేస్తుంది. బ్రౌన్‌హెడెడ్ పిల్లకి మొదటి చలికాలం కన్ను ముదురే. కాబట్టి లేత కన్ను అంటే బ్రౌన్‌హెడెడ్, ముదురు కన్ను అంటే ఇంకా ఏమీ తేలనట్టు. మొదటి పూట ఫారాల్లో బ్లాక్‌హెడెడ్ అన్నవాటిని ఫొటోలతో సరిచూస్తే చాలామటుకు బ్రౌన్‌హెడెడ్ పిల్లలే: తోక చివర నల్ల పట్టీ, రెక్క మీద గోధుమ మచ్చలు, ముక్కు నారింజ. వాటన్నిటినీ కొట్టేసి మళ్లీ రాశాం.

లేత కన్నుకి కూడా ఒక మినహాయింపు ఉంది, స్లెండర్‌బిల్డ్ గల్. మన తీరంలో అరుదు. పొడుగు మెడ, జారుగా వాలే నుదురు, కన్ను వెనక ఉండే చెవి మచ్చ అసలు లేదు లేదా నామమాత్రం. లేత కన్ను ఉండి చెవి మచ్చ లేకపోతే తొందరపడకుండా ముక్కు పొడవు చూడాలి, ఫొటో లేకుండా పేరు రాయొద్దు.

అసలు తీర్పు రెక్క చివర్లోనే. బ్రౌన్‌హెడెడ్ రెక్క కొస వెడల్పుగా నలుపు, ఆ నలుపులో రెండు తెల్ల మచ్చలు, అద్దాల్లాగా. నలుపుకి లోపలివైపు పెద్ద తెల్ల పలక. బ్లాక్‌హెడెడ్ రెక్క ముందంచు పొడుగునా తెలుపు, నలుపు కొసల్లో సన్నటి అంచు మాత్రమే. కింద నుంచి చూస్తే ఇంకా తేలిక: బ్రౌన్‌హెడెడ్ రెక్క కొస కింద కూడా నలుపే, అందులో అద్దాలు మెరుస్తాయి. బ్లాక్‌హెడెడ్‌కి కింద మధ్య భాగం మసిబూడిద, ముందంచు తెలుపు. పిల్లల్లో బ్రౌన్‌హెడెడ్‌కి అద్దాలు ఇంకా రావు, బయటి ఈకలు ముందంచు దాకా నలుపు. బ్లాక్‌హెడెడ్ పిల్లకి ఆ నలుపు మధ్యలో తెల్ల చారలుంటాయి.

ఇసుక మీద నిలబడ్డ గుంపులో రెక్కలు మడిచి ఉంటాయి, అద్దాలు కనపడవు. అందుకే చేపల రేవుకి కూడా వెళ్లాలి. మరపడవలు వచ్చి వలలు దులిపి పనికిరాని చేప పారేసేటప్పుడు గల్స్ 10 మీటర్ల దూరంలో తలమీద తిరుగుతాయి. పొద్దున గంటసేపు అక్కడ నిలబడితే రెక్కల చదువు పూర్తవుతుంది. పని చేసుకునేవాళ్లకి అడ్డం రాకుండా, గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడాలి. గల్ గాలికి ఎదురెగురుతుంది కనక మన తల మీంచి పోతున్నప్పుడు పొట్ట, తోక, రెక్క కిందిభాగం బాగా దొరుకుతాయి.

ఫొటో విషయంలో ఒక జాగ్రత్త. ముదురు నీళ్ల మీద తెల్ల గల్‌ని ఆటోలో తీస్తే కెమెరా వెలుగు పెంచేస్తుంది, తెలుపు కాలిపోయి అద్దాలూ పలకా కలిసిపోతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 పెట్టాలి. ఆకాశం మీద ఎగిరేదానికి తిరగబడుతుంది, ప్లస్ 1. ఇది మార్చడం మరిచిపోయిన పూట తీసిన వందల ఫొటోల్లో వాడుకోదగ్గవి చాలా తక్కువ.

డిసెంబరు మూడో వారం, పెద్ద గల్స్

దిబ్బ మీద అందరికంటే తల ఎత్తి నిలబడేది పల్లాస్ గల్. పొడుగు, వాలు నుదురు, కన్ను వెనక ముసుగులా నలుపు, కంటికి పైనా కిందా తెల్ల అర్ధచంద్రాలు, పసుపు ముక్కు మీద నల్ల పట్టీ. ఇది పెద్దరంగుకి రావడానికి నాలుగేళ్లు పడుతుంది, మధ్యలో ప్రతి ఏడూ ఓ వేషం. మొదటి చలికాలం పిల్లని చూసి పెద్దగా భయపడక్కర్లేదు: వీపు మీద అప్పటికే బూడిదరంగు, తోక తెల్లగా, చివర నల్ల పట్టీ గీత గీసినట్టు నిక్కచ్చిగా.

చిక్కు హ్యూగ్లిన్స్ గల్‌తో. ముదురు బూడిద వీపు, పసుపు కాళ్లు, మెడ వెనక చారలు. దానికి దగ్గర చుట్టం స్టెప్పీ గల్ వీపు ఒక్క మెట్టు లేత. ఈ ఒక్క మెట్టు మీద పేరు నిలబెట్టడానికి ఎంతమంది తంటాలు పడతారో! అదే పక్షి పొద్దున మబ్బులో ముదురు, పదింటికి ఎండలో లేత, పక్కకి తిరిగితే ఇంకోటి. రంగు పోల్చాలంటే రెండు పక్షులు ఒకే ఫొటోలో, ఒకే వైపు తిరిగి, ఒకే వెలుగులో ఉండాలి. అంతకంటే గట్టి ఆధారం ఈకల వయసు. ఈ పెద్ద గల్స్ రెక్క ఈకలు మార్చుకోవడం చాలా ఆలస్యం, కొన్నిటికి డిసెంబరు, జనవరి నెలల్లో కూడా చిట్టచివరి ఈక పూర్తిగా పెరగదు, రెక్క కొస మొండిగా ఉంటుంది. అది రాసుకుంటున్నాం. పిల్లలైతే, ముదురు ముక్కు, ఒళ్లంతా గోధుమ మచ్చలు ఉన్నవి, నేరుగా ‘గల్ తెలీదు, పెద్దది’. అలా రాయడంలో తలవంపు ఏమీ లేదు. ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) కూడా జాతి తేల్చని గల్‌కి, బ్రౌన్‌హెడెడ్ బ్లాక్‌హెడెడ్ కలిపి రాయడానికి విడి వరసలున్నాయి.

ఎర్రటి పెద్ద ముక్కుతో గల్ అంత ఉండేది గల్ కాదు, కాస్పియన్ టెర్న్. లావు నల్ల ముక్కు, నల్ల కాళ్లు ఉన్నది గల్‌బిల్డ్ టెర్న్. దాని పేరులోనే తికమక ఉంది.

జనవరి, లెక్క నెల

ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. వలసపక్షులు చేరిన చోట నిలకడగా ఉండే నెల ఇదే, అందుకే. మన దగ్గర అది సంక్రాంతి నెల కూడా. భోగి నుంచి ముక్కనుమ దాకా కొల్లేటి గట్ల మీద జనం, పడవ షికార్లు, టపాకాయలు. ఆ నాలుగు రోజులూ వదిలేసి లెక్క ముందే ముగించాం. పొగమంచు ఇంకో ఆటంకం. పుష్యంలో ఎనిమిదింటి దాకా రెండో ముక్క అవతల ఏమీ కనపడదు. మంచు విడిచిన దగ్గర నుంచి ఎండ ముదిరి నీటి మీద ఆవిరి ఆడే దాకా మధ్యలో గంటన్నర చేతికొస్తుంది. ఆవిరి మొదలయ్యాక స్కోపు 60 రెట్లకి తిప్పడం దండగ, 30 దగ్గర ఆగితే ఎక్కువ కనపడుతుంది.

ఏసీ కారులోంచి దించిన అద్దాలు ఆ తేమకి వెంటనే మసకేస్తాయి. తుడవకూడదు, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. సంచీ విప్పి పావుగంట బయట పెడితే దానంతట అదే పోతుంది. రాత్రే కారు డిక్కీలో పెట్టి, ఏసీ వేయకుండా వస్తే అసలు రాదు.

పెద్ద గుంపు లెక్కించడం కంటికి అలవాటు చేయాలి. దానికి మినుములు, చాట. ఒకరు గుప్పెడు మినుములు చాటలో విసిరి ఐదు సెకన్లు చూపించి గుడ్డ కప్పుతారు. చూసినవాళ్లు అంకె రాస్తారు. తర్వాత గింజ గింజ లెక్క. దాదాపు అందరూ తక్కువే చెబుతారు, గుంపు పెద్దదయ్యేకొద్దీ ఇంకా తక్కువ. మంత్రం ఏమీ లేదు: ముందు 10 గింజలు లెక్కించి అది ఎంత జాగా పట్టిందో కంట్లో పెట్టుకోవడం, అలాంటివి పదైతే 100, ఆ 100 ముక్కని మొత్తం మీద పరచడం. ఒక ముక్కలో 40 ఉండి అలాంటివి 9 పడితే 360. మినుముల్లో పెసలు కలిపి విసిరితే నిష్పత్తి సాధన. ఇందులో పొరపాటు వేరేలా వస్తుంది: పెసలు ఒక మూలకి చేరితే ఎక్కువ ఉన్నట్టనిపిస్తాయి. బాతులూ అంతే, జాతి జాతిగా కూర్చుంటాయి.

కాబట్టి గట్టు మీద పద్ధతి ఇది. మొదట బాతుల మొత్తం, పేర్లు లేకుండా. తర్వాత స్కోపు 30 మీద పెట్టి ఎడమ నుంచి కుడికి కనీసం 10 చోట్ల ఆపి, ప్రతి చోటా గుండ్రంలో పడినవాటిని జాతులుగా రాయడం. ముందు వరస, మధ్య, వెనక, మూడూ రావాలి. ముందువి బాగా కనపడతాయని వాటినే తీసుకుంటే టీల్ పెరిగిపోతుంది, ఎందుకంటే అంచు బురదలో తినేది అదే. ఆ నిష్పత్తి మొత్తానికి వేయాలి. పది కంటే తక్కువ ఉన్న జాతిని మాత్రం నిష్పత్తితో వేయకూడదు, ఒక్కొక్కటిగా లెక్కించాలి. లేకపోతే రెండు ఫెరుజినస్ ఉన్నచోట కాగితం మీద నలభై పుడతాయి.

పెన్సిలే వాడాలి, మంచుకి పెన్ను సిరా పాకుతుంది.

చచ్చిన పక్షి కనపడితే చేత్తో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చింది మనకి గుర్తే. చోటు, సంఖ్య, ఫొటో పశుసంవర్ధక శాఖకి, అటవీ శాఖకి. కాలికి ఉంగరం ఉంటే దూరం నుంచే ఫొటో: ఏ కాలు, ఉంగరం రంగు, అక్షరాల రంగు, అక్షరాలు కింద నుంచి పైకి. బతికున్న పట్టెతల బాతుల (బార్‌హెడెడ్ గూస్) మెడకీ, గల్స్ కాళ్లకీ కూడా అలాంటివి ఉంటాయి. వివరం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి.

ఫిబ్రవరి చివరి వారం

‘బాతు తెలీదు’ వరస ఈ నెలలో బాగా సన్నబడింది. మన కళ్లు పదునెక్కినందువల్ల కొంత, మగ గార్గనీలు రంగు వేసుకున్నందువల్ల ఎక్కువ. గోధుమ తల మీద తెల్లటి వెడల్పు కనుబొమ్మ ఇప్పుడు 200 మీటర్ల నుంచి కూడా మెరుస్తోంది. అప్పుడప్పుడు దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు దాని కూత కూడా. నవంబరు ఫారాలు తెచ్చి ఈ లెక్క పక్కన పెట్టి గార్గనీలు పెరిగాయి అనుకుంటే పొరపాటే, పేరు రాయగలిగినవి పెరిగాయి. అందుకే నెలనెలా జాతి అంకెల్ని విడిగా పోల్చడం మానేశాం. గార్గనీ, టీల్, తెలీనివి మూడూ కలిపిన మొత్తమే పోలుస్తున్నాం.

కాకినాడలో ఎదిగిన పల్లాస్ గల్స్‌కి నల్ల తల వచ్చేసింది, జనవరిలోనే మొదలైంది. బ్రౌన్‌హెడెడ్‌కి ఇప్పుడిప్పుడే నుదుటి మీద గోధుమ మరకలు. ఈ మరకల దశలో ముఖం విచిత్రంగా ఉంటుంది, కొత్త జాతి అనుకుని ఫొటోలు పంపుతుంటారు. తల పూర్తయ్యాక బ్రౌన్‌హెడెడ్ గోధుమ లేతగా, మెడ దగ్గర ముదురు అంచుతో ఉంటుంది. వాటి గూళ్లు లదాఖ్, టిబెట్ పీఠభూమి సరస్సుల దగ్గర. వెళ్లేలోగా ఇక్కడే తల సిద్ధం చేసుకుంటాయి.

మార్చి మూడో వారం

నీళ్లు తూము గోడ మీద అక్టోబరు గీతకి బాగా కిందికి పోయాయి. మూడో ముక్కలో బురద తేలింది, సూదితోకలు లేవు, గార్గనీలు ఒక మూల కొన్ని. ఎర్ర చిలువలు, స్పాట్‌బిల్డ్, బొల్లికోళ్లు మామూలే. గూడబాతుల స్టాండ్ల కింద నీళ్లు పాలుకలిపినట్టున్నాయి.

చివరి ఫారంలో ‘తెలీదు’ గడి: బాతు ఒకటి, నిద్రలో ఉంది, లేవలేదు. గల్ మూడు, పెద్ద జాతివి, మొదటి ఏడాది పిల్లలు. టెర్న్ సున్నా.

గోడ మీద కిందివైపు రెండు గీతలు పెయింటు ఊడిపోయాయి. నీళ్లు మళ్లీ ఎక్కేలోగా, మే నెలలో గోడ ఎండినప్పుడే వేయాలి. కిక్కిస హద్దు బదులు ఆరో ముక్కకి తూము మూలని హద్దు పెట్టాలి.